సెల్ఫ్ కొడితే టక్ టక్ అంటోందా? కొత్త బ్యాటరీ కొనే ముందు ఇంట్లోనే చెక్ చేసుకోండి

పొద్దున్నే ఆఫీసుకి బయల్దేరి తాళం తిప్పితే టక్ టక్ టక్. డాష్‌బోర్డు లైట్లు మిణుకుమిణుకు. వాచ్‌మన్ వచ్చి "బ్యాటరీ పోయింది సార్" అంటాడు, పక్క ఫ్లాట్ అంకుల్ "మొన్న నాదీ ఇంతే" అంటాడు, ఫోన్ కొడితే గంటలో కుర్రాడొచ్చి కొత్తది బిగించి డబ్బులు తీసుకుని వెళ్ళిపోతాడు. రెండు మూడు వారాలకి మళ్ళీ అదే టక్ టక్.

సరిగ్గా ఇదే నాకూ జరిగింది, ఆ సంగతి తొమ్మిదో స్టెప్పులో చెప్తా. తెలిసినవాళ్ళు ఫోన్ చేసి పదే పదే ఇదే అడుగుతున్నారు కాబట్టి మొత్తం వరసగా రాస్తున్నా. మెకానిక్ అవ్వక్కర్లేదు. ఒక మల్టీమీటర్ (ఓల్టేజీ, కరెంటు కొలిచే చిన్న మీటర్), ఒక పదో నంబర్ పానా, ఒక ఆదివారం పొద్దున చాలు. మనం పట్టుకోవాల్సింది మూడే మూడు నంబర్లు: బండి ఊరికే ఉన్నప్పటి ఓల్టేజీ, సెల్ఫ్ కొట్టేటప్పటి ఓల్టేజీ, ఇంజన్ తిరుగుతున్నప్పటి ఓల్టేజీ. ఈ మూడూ కాగితం మీద పడకుండా బ్యాటరీ కొనొద్దు.

1. ముందు చెవులతో వినండి

బానెట్ తీసే ముందు తాళం ఒకసారి తిప్పి (బటన్ స్టార్ట్ అయితే బ్రేక్ తొక్కి నొక్కి) ఏం వినిపిస్తోందో చూడండి. సగం జబ్బు అక్కడే తెలుస్తుంది.

- టక్ టక్ టక్ అని గబగబా కొట్టుకుంటే: కరెంటు చాలట్లేదు. బ్యాటరీ దిగిపోయి ఉండాలి, లేదా క్లాంపు (కేబుల్ని బ్యాటరీకి బిగించే పట్టు) లూజు.
- ఒక్కసారి గట్టిగా "టక్" మని ఊరుకుంటే: లైట్లు బాగానే వెలుగుతుంటే అనుమానం స్టార్టర్ మోటార్ మీద. లైట్లు కూడా ఆరిపోతే బ్యాటరీ లేదా కనెక్షన్.
- "ఊ... ఊ... ఊ..." అని ముక్కుతూ తిరుగుతుంటే: బ్యాటరీ నీరసం, లేదా వైర్లలో కరెంటు సరిగా పోవట్లేదు.
- అసలు ఏ చప్పుడూ లేదు, లైటు కూడా లేదు: క్లాంపు ఊడింది, లేదా బ్యాటరీ పూర్తిగా ఖాళీ.
- ఎప్పట్లాగే జోరుగా తిరుగుతోంది కానీ ఇంజన్ అందుకోవట్లేదు: ఇది బ్యాటరీ గోల కాదు. పెట్రోలో, ప్లగ్గులో, ఇమ్మొబిలైజరో (దొంగతాళంతో ఇంజన్ లేవకుండా ఆపేది) చూసుకోండి, ఈ గైడ్ మీకు అక్కర్లేదు.

ఆటోమేటిక్ గేర్ బండి అయితే లివర్ పార్కింగ్‌లోనో న్యూట్రల్‌లోనో ఉందో లేదో చూడండి, మాన్యువల్ అయితే కొన్ని బండ్లకి క్లచ్ పూర్తిగా తొక్కితేనే సెల్ఫ్ కొడుతుంది. నవ్వొద్దు, ఈ కారణానికే టో బండి పిలిపించినాయన నాకు తెలుసు.

2. సామాన్లు, జాగ్రత్తలు

- డిజిటల్ మల్టీమీటర్. మూడు నాలుగు వందల్లో వచ్చేది చాలు. హైదరాబాద్‌లో కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతుంది, ఆన్‌లైన్లో అయితే ఎక్కడికైనా వస్తుంది. 10 ఆంపియర్ల డీసీ పోర్టు ఉన్నదే తీసుకోండి, తొమ్మిదో స్టెప్పుకి అది కావాలి.
- పదో నంబర్ పానా (కొన్ని బండ్లకి 12, 13 పడుతుంది)
- తినే సోడా, పాత టూత్ బ్రష్, ఎమరీ పేపర్ ముక్క, వ్యాజలైన్
- రబ్బర్ గ్లౌజులు, కళ్ళద్దాలు, ఒక బాటిల్ మామూలు నీళ్ళు
- పెన్ను, కాగితం

జాగ్రత్తలు నాలుగే గానీ నాలుగూ పాటించాలి. చార్జ్ అయ్యే బ్యాటరీ హైడ్రోజన్ వదులుతుంది, కాబట్టి దగ్గర్లో సిగరెట్ గానీ అగర్‌బత్తి గానీ వద్దు (కొత్త బ్యాటరీకి పూజ చేసి మరీ బిగించే ఊరు మనది, అందుకే చెప్తున్నా). చేతికున్న ఉంగరాలు, వాచీ, మెటల్ గాజులు తీసేయండి. ప్లస్ మీద ఉన్న పానా బండి బాడీకి తగిలితే వెల్డింగ్ మెరుపులాగా వస్తుంది, ఉంగరం మధ్యలో ఇరుక్కుంటే వేలు కాలిపోతుంది. యాసిడ్ ఒంటి మీద పడితే వెంటనే నీళ్ళతో కడిగేయాలి. విప్పేటప్పుడు మైనస్ ముందు, బిగించేటప్పుడు మైనస్ చివర. ఇది మాత్రం బట్టీ పట్టండి.

కరెంటు కారు, హైబ్రిడ్ కారు ఉన్నవాళ్ళకి ఒక మాట. వాటిలోనూ చిన్న 12 ఓల్టుల బ్యాటరీ ఉంటుంది, అది దిగిపోతే పెద్ద బ్యాటరీ నిండుగా ఉన్నా బండి లేవదు. ఆ చిన్నదాని ఓల్టేజీ చూసుకోవడం వరకు ఓకే, పెద్ద బ్యాటరీ హై ఓల్టేజీ పోయే ఆరెంజ్ రంగు కేబుళ్ళ జోలికి మాత్రం అస్సలు పోవద్దు.

3. కళ్ళతో చూసే పని, పది నిమిషాలు

బానెట్ లేపి టార్చి వేసి చూడండి. క్లాంపుల మీద తెల్లగానో, పచ్చనీలంగానో చిలుము పట్టి ఉందా? రెండు క్లాంపుల్నీ చేత్తో పట్టుకుని తిప్పడానికి ట్రై చేయండి. కొంచెం కదిలినా అది లూజే, అక్కడే మీ సమస్య తీరిపోవచ్చు.

బ్యాటరీ డబ్బా పక్కలు ఉబ్బాయా, పగిలాయా, అడుగున తడి ఉందా చూడండి. ఉబ్బినా పగిలినా ఇంక ఏ టెస్టూ అక్కర్లేదు, చార్జ్ చేయొద్దు, ఇంకో బండి బ్యాటరీతో జంప్ కొట్టొద్దు, మార్చేయడమే. కుళ్ళిన కోడిగుడ్డు వాసన వస్తుంటే ఎక్కువ చార్జ్ అయ్యి ఉడికిపోతోందని అర్థం, అప్పుడు ఎనిమిదో స్టెప్పు తప్పకుండా చేయాలి.

పైన మూతలున్న బ్యాటరీ అయితే నీళ్ళు చూడాలి. ఎండాకాలంలో మన దగ్గర నీళ్ళు తొందరగా తగ్గిపోతాయి. లోపల ప్లేట్లు బయటికి కనపడకూడదు, కేసు మీద ఉన్న పై గీత దాకా ఉండాలి. పోయాల్సింది డిస్టిల్డ్ వాటర్ మాత్రమే. "మా ఇంట్లో ఆర్వో ఉంది కదా" అంటారు, ఆర్వో నీళ్ళలోనూ లవణాలు మిగులుతాయి, వద్దు. యాసిడ్ అసలే వద్దు, ఆవిరైపోయింది నీళ్ళే, యాసిడ్ లోపలే ఉంది. ప్లేట్లు తేలి ఉంటే అవి మునిగేంత వరకు పోసి, చార్జ్ చేశాక మిగతాది పూర్తి చేయండి, ముందే నిండా పోస్తే చార్జ్ అయ్యేటప్పుడు పొంగి కారుతుంది.

కొన్ని బ్యాటరీల మీద చిన్న గుండ్రటి కన్ను ఉంటుంది, పచ్చగా ఉంటే ఓకే అని రాసుంటుంది. దాన్ని పూర్తిగా నమ్మకండి, అది ఆరు సెల్స్‌లో ఒక్క సెల్‌ని మాత్రమే చూపిస్తుంది. మిగతా ఐదిట్లో ఒకటి పోయినా కన్ను పచ్చగానే నవ్వుతూ ఉంటుంది.

చిలుము వదిలించడం: మైనస్ క్లాంపు తీసి, తర్వాత ప్లస్ తీయండి. గ్లాసు నీళ్ళలో రెండు చెంచాల తినే సోడా కలిపి బ్రష్‌తో రుద్దండి, బుసబుస పొంగుతుంది, అది మంచిదే. మూతలున్న బ్యాటరీ అయితే ఆ నీళ్ళు లోపలికి పోకుండా మూతలు బిగించి ఉంచండి. శుభ్రంగా తుడిచి ఆరాక, బ్యాటరీ కొమ్ముల్నీ (క్లాంపు కూర్చునే సీసపు బొడిపెలు) క్లాంపు లోపలి వైపునీ ఎమరీ పేపర్‌తో మెరిసేదాకా గీకండి. చాలామంది బయట రుద్ది వదిలేస్తారు, కరెంటు పోయేది లోపలి ముఖం మీదుగా కదా. ప్లస్ ముందు, మైనస్ తర్వాత బిగించి, అన్నీ అయ్యాక పైన వ్యాజలైన్ పూయండి. బిగించే ముందు పూస్తే పని చెడుతుంది.

క్లాంపులు తీస్తే గడియారం, రేడియో సెట్టింగులు, కొన్ని బండ్లలో పవర్ విండో ఆటో పోతాయి. పాత మ్యూజిక్ సిస్టమ్‌కి కోడ్ ఉంటే ముందే వెతికి పెట్టుకోండి.

4. మొదటి నంబరు: ఊరికే ఉన్న బ్యాటరీ

ఇక్కడ అందరూ చేసే తప్పు, బండి నడిపి వచ్చి వెంటనే మీటర్ పెట్టడం. 12.9 చూపిస్తుంది, "బ్రహ్మాండంగా ఉంది" అనుకుంటారు. అది పైపై చార్జ్, పాల మీద నురగ లాంటిది. రాత్రంతా ఆపిన బండిని పొద్దున్నే, డోర్ రిమోట్ నొక్కకముందే కొలవాలి. వీలుకాకపోతే హెడ్‌లైట్లు రెండు నిమిషాలు వేసి ఆపి, పదిహేను నిమిషాలు ఆగి కొలవండి. ఇంకో చిట్కా, రాత్రే బానెట్ గొళ్ళెం లాగి వదిలేసి పెట్టుకుంటే పొద్దున డోర్ తీయాల్సిన పని ఉండదు.

మీటర్ సెట్టింగు: నల్ల వైరు కామ్ పోర్టులో, ఎర్ర వైరు ఓల్టుల గుర్తున్న పోర్టులో, నాబ్ డీసీ 20 మీద. ఎర్ర వైరు 10 ఆంపియర్ల పోర్టులో ఉండగా ఓల్టేజీ కొలిస్తే బ్యాటరీని నేరుగా షార్ట్ చేసినట్టే, మీటరో దాని వైర్లో ఢమాల్. మీటర్ వైర్ల మొనలు బ్యాటరీ సీసం కొమ్ముకే ఆనించండి, క్లాంపుకి కాదు.

- 12.6 లేదా పైన: నిండుగా ఉంది
- 12.4: ముప్పావు వంతు
- 12.2: సగం
- 12.0: పావు వంతు
- 11.9 కంటే కింద: ఖాళీ అనే అనుకోండి
- 10.5 దగ్గర: ఒక సెల్ షార్ట్ అయ్యుండాలి. ఆరు సెల్స్, ఒక్కోటి 2.1 ఓల్టులు, ఒకటి పోతే లెక్క అక్కడికొస్తుంది

కాగితం మీద రాసుకోండి. ఈ నంబర్ చూసి బ్యాటరీ మంచిదో చెడ్డదో తేల్చకండి. ఇది చెప్పేది ఎంత చార్జ్ ఉందో మాత్రమే. బిందె ఖాళీగా ఉంటే చిల్లు పడిందని కాదు కదా, ఎవరూ నింపలేదేమో.

5. తక్కువుంటే నింపి మళ్ళీ చూడాలి

12.4 కంటే తక్కువుంటే ముందు చార్జ్ చేయాలి, చార్జ్ చేయకుండా తర్వాతి టెస్టు చేస్తే మంచి బ్యాటరీ కూడా ఫెయిల్ అవుతుంది. షాపులో కుర్రాడు దిగిపోయిన బ్యాటరీకి టెస్టర్ పెట్టి "చూడండి సార్ బ్యాడ్ చూపిస్తోంది" అనేది ఇందుకే, కొందరు తెలిసే చేస్తారు, కొందరు పాపం తెలియక.

చార్జర్ ఆంపియర్లు బ్యాటరీ సామర్థ్యంలో పదో వంతు ఉంటే మంచిది. చిన్న పెట్రోల్ కార్లలో మామూలుగా ఉండే 35 ఏహెచ్ (ఆంపియర్ గంటలు, అంటే సామర్థ్యం) బ్యాటరీకి మూడు మూడున్నర ఆంపియర్లు, రాత్రంతా. ఆటోమేటిక్‌గా ఆగే చార్జర్ అయితే నిశ్చింత. సెల్లార్లో ప్లగ్ ఉండదు కాబట్టి బ్యాటరీ విప్పి పైకి తేవాల్సి వస్తుంది, నిలువుగానే పట్టుకోండి, బాల్కనీలో పెట్టండి, బెడ్‌రూమ్‌లోనో గ్యాస్ పొయ్యి దగ్గరో కాదు. సిమెంటు నేల మీద పెడితే చార్జ్ పీల్చేస్తుందని మా నాన్నగారు ఇప్పటికీ చెక్క ముక్క వెతుకుతారు. ఇప్పటి ప్లాస్టిక్ డబ్బాలకి ఆ భయం లేదు, అయినా ఆయన తృప్తి కోసం నేనూ చెక్క మీదే పెడతా.

"నడిపితే చార్జ్ అయిపోదా?" అని అడుగుతారు. కొంచెం దిగితే అవుతుంది. బాగా దిగిపోయినదాన్ని ఐడిల్‌లో పది నిమిషాలు పెడితే చార్జ్ ఏమీ ఎక్కదు, సెల్ఫ్ కొట్టడానికి వాడినది తిరిగొస్తే గొప్ప.

చార్జ్ అయ్యాక చార్జర్ తీసేసి, క్లాంపులు తగిలించకుండా రాత్రంతా వదిలేసి పొద్దున కొలవండి.

- 12.6 దగ్గర నిలబడితే: బ్యాటరీ చార్జ్ పట్టుకుంటోంది, ముందుకెళ్ళండి
- 12.3 కో అంతకంటే కిందకో జారిపోతే: లోపలే కారిపోతోంది, వయసైపోయింది
- చార్జర్ ఎంతసేపు పెట్టినా 12 దాటకపోతే, లేదా ఒక సెల్ దగ్గర మాత్రమే డబ్బా బాగా వేడెక్కితే: పోయింది

మూతలున్న బ్యాటరీ ఉండి హైడ్రోమీటర్ (యాసిడ్ సాంద్రత కొలిచేది) దొరికితే ఆరు సెల్స్ చూడండి. మొత్తం అంకె కంటే ముఖ్యం తేడా. ఐదు సెల్స్ 1.250 చూపించి ఒకటి 1.180 చూపిస్తే ఆ ఒక్కటే మిగతావాటిని ముంచుతోంది.

6. రెండో నంబరు: సెల్ఫ్ కొట్టేటప్పుడు

అసలు పరీక్ష ఇదే. ఓల్టేజీ ఎంతున్నా బరువు ఎత్తగలదా లేదా అన్నదే ప్రశ్న. మా బావమరిదిని సీట్లో కూర్చోబెట్టి నేను మీటర్ పట్టుకున్నా, "బావా కొట్టనా?" అంటాడు, నేను మొనలు సరిగ్గా ఆనించకముందే కొట్టేస్తాడు. అందుకని ముందే చెప్పుకోండి, మీరు "ఊ" అన్నాకే కొట్టాలని. గేరు న్యూట్రల్, హ్యాండ్ బ్రేక్ వేసి ఉండాలి. మీ చేతులు, చున్నీ, వైర్లు ఫ్యాన్ బెల్టుకి దూరం.

ఇంజన్ ఒక్క సెకనులో అందుకుంటుంది కాబట్టి అంకె కనపడి మాయమవుతుంది. మీటర్‌లో కనిష్ఠం పట్టే బటన్ ఉంటే నొక్కండి, లేకపోతే ఫోన్‌లో వీడియో తీయండి. నిమిషం గ్యాప్‌తో మూడుసార్లు చేసి అన్నిటికంటే తక్కువది రాసుకోండి.

- 10 పైన: బాగుంది
- 9.6 నుంచి 10: సరిహద్దులో ఉంది, క్లాంపులు చూసి నెలకోసారి మళ్ళీ కొలవండి
- 9.6 కంటే కింద, అదీ నిండా చార్జ్ ఉన్నాక కూడా: బ్యాటరీ టైం అయిపోయింది

చవక మీటర్లు ఆ క్షణపు అట్టడుగు అంకెని మిస్ అవుతాయి, అందుకే సెల్ఫ్ చప్పుడు కూడా వినండి. మీటర్ 10.2 అంటున్నా ఇంజన్ ముక్కుతుంటే చెవినే నమ్మండి, ఏడో స్టెప్పుకి వెళ్ళండి.

ఇంకోటి, ఈ టెస్టు చల్లటి పొద్దున చేస్తేనే నిజం తెలుస్తుంది. మన బ్యాటరీలు చచ్చేది మే నెల ఎండల్లో బానెట్ కింద ఉడికి, బయటపడేది డిసెంబర్, జనవరి తెల్లవారుజామున. చలికి చమురు చిక్కబడి ఇంజన్ బరువెక్కుతుంది, బ్యాటరీ బలం తగ్గుతుంది, రెండూ కలిసి ఒకేరోజు చేతులెత్తేస్తాయి.

7. బ్యాటరీ మీద పడే నింద: క్లాంపు, ఎర్త్

చాలామందికి తెలియని టెస్టు, నా లెక్కలో అన్నిటికంటే డబ్బు మిగిల్చేది. ఓల్టేజీ సెట్టింగులోనే ఒక మొన బ్యాటరీ ప్లస్ కొమ్ము నడిమధ్య, రెండోది దానికి బిగించిన క్లాంపు మీద పెట్టి సెల్ఫ్ కొట్టించండి. రెండూ ఒకదానికొకటి అంటుకునే ఉన్నాయి కాబట్టి దాదాపు సున్నా రావాలి. 0.2 దాటితే అక్కడ కరెంటు ఇరుక్కుంటోంది, మూడో స్టెప్పులో చెప్పినట్టు గీకి బిగించండి. మైనస్‌కీ ఇలాగే.

తర్వాత ఒక మొన మైనస్ కొమ్ము మీద, రెండోది ఇంజన్ బ్లాక్ మీద పెయింటు లేని ఇనుము మీద. సెల్ఫ్ కొడితే 0.2 లోపు ఉండాలి. అర ఓల్టు వచ్చిందంటే ఎర్త్ కేబుల్ (బ్యాటరీ మైనస్‌ని ఇంజన్‌కి, బాడీకి కలిపేది) లోపల కుళ్ళిపోయింది, లేదా బాడీకి బిగించిన బోల్టు దగ్గర తుప్పు. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్ళలో దీన్ని అస్సలు వదలొద్దు. ఎర్త్ వైరు మార్చడం కొత్త బ్యాటరీ ఖర్చులో చిన్న ముక్క.

8. మూడో నంబరు: డైనమో

డైనమో అంటే ఇంజన్ తిరిగేటప్పుడు బ్యాటరీని చార్జ్ చేసే ఆల్టర్నేటర్. ఇంజన్ స్టార్ట్ చేసి రెండు మూడు నిమిషాలు ఆగి బ్యాటరీ దగ్గర కొలవండి. తర్వాత హెడ్‌లైట్లు, ఏసీ ఫ్యాన్ ఫుల్, వెనక అద్దం డీఫాగర్ అన్నీ వేసి, కొంచెం రేజ్ చేసి మళ్ళీ.

- ఏమీ వేయనప్పుడు 13.8 నుంచి 14.5, అన్నీ వేశాక 13.2 పైన: డైనమో పనిచేస్తోంది
- ఇంజన్ తిరుగుతున్నా 12 దగ్గరే ఉండి మెల్లగా తగ్గుతుంటే: చార్జ్ అవ్వట్లేదు. బెల్టు తెగిందా, లూజా, ఫ్యూజు పోయిందా, డైనమోనా అనేది ఎలక్ట్రీషియన్ చూడాలి
- 15 దాటి అక్కడే ఉంటే: ఎక్కువ చార్జ్, కొత్త బ్యాటరీ పెట్టినా ఉడికిపోతుంది

కొత్త బండ్లలో చాలావాటికి డైనమో ఓల్టేజీని కంప్యూటరే పెంచి తగ్గిస్తుంది, కాసేపు 12.6 చూపించి కాసేపు 14.7 చూపించొచ్చు. కంగారు పడకుండా హెడ్‌లైట్లు వేసి పది నిమిషాలు చూడండి, పెరిగితే ఓకే.

పాత మెకానిక్‌లు ఇంజన్ ఆన్‌లో ఉండగా బ్యాటరీ క్లాంపు పీకేసి "బండి ఆగలేదు కాబట్టి డైనమో మంచిదే" అంటారు. అంబాసిడర్ రోజుల్లో నడిచిన పద్ధతి. ఇప్పటి బండ్లలో అలా పీకితే ఓల్టేజీ ఒక్కసారి పైకి ఎగసి కంప్యూటర్ బోర్డులే పోవచ్చు. ఎవరైనా చేయబోతే చెయ్యి పట్టుకుని ఆపండి.

9. మూడూ బాగున్నాయి, అయినా రెండు రోజులకి దిగిపోతోంది

ఇక్కడే నేను మోసపోయాను. బండి శుక్రవారం సాయంత్రం సెల్లార్లో పెడితే సోమవారం పొద్దున టక్ టక్. బ్యాటరీకి మూడేళ్ళు దాటాయి కదా అని ఏమీ చూడకుండా కొత్తది వేయించా, బిగించినతను కూడా ఏమీ కొలవలేదు. రెండు వారాలు బాగుంది, ఎందుకంటే రోజూ ఆఫీసుకి వెళ్ళా. తర్వాత ఊరెళ్ళి మూడు రోజులకి వస్తే మళ్ళీ అదే పాట, కొత్త బ్యాటరీ 11.4.

అప్పుడు కూర్చుని చేసింది ఇది. బండి నిద్రపోతున్నప్పుడు కూడా గడియారం, రిమోట్ రిసీవర్, అలారం కొంచెం కరెంటు తాగుతాయి, 50 మిల్లీ ఆంపియర్ల లోపు ఉంటే సమస్య లేదు. అంతకంటే ఎక్కువ తాగుతున్నవాడిని పట్టుకోవాలి.

1. బ్యాటరీ బాగా చార్జ్ అయి ఉండాలి. అన్నీ ఆపేయండి, చార్జింగ్ ప్లగ్గులు, పెన్ డ్రైవ్‌లు పీకేయండి. కీలెస్ బండి అయితే తాళం దూరంగా ఇంట్లో పెట్టండి.
2. ఫ్యూజు బాక్సు అందేలా డోర్ తీసి ఉంచి, డోర్ గొళ్ళేన్ని స్క్రూడ్రైవర్‌తో నొక్కి మూసిన స్థితికి తేండి, డోర్ మూసే ఉందని బండి అనుకుంటుంది. పని అయ్యాక హ్యాండిల్ లాగి గొళ్ళెం వదిలించాకే డోర్ వేయాలి, మర్చిపోతే గొళ్ళెం విరుగుతుంది.
3. మీటర్ ఎర్ర వైరు 10 ఆంపియర్ల పోర్టుకి మార్చండి, నాబ్ కూడా 10 మీదకి.
4. మైనస్ క్లాంపు తీసి, ఒక మొన క్లాంపుకి, ఒక మొన మైనస్ కొమ్ముకి. కరెంటు మొత్తం ఇప్పుడు మీటర్ గుండా పోతోంది.
5. ఆగండి. మొదట రెండు మూడు ఆంపియర్లు కూడా చూపించొచ్చు, కంప్యూటర్లు మేలుకుని ఉన్నాయి. అరగంట, కొన్ని బండ్లకి ముప్పావు గంట. టీ తాగి రండి.
6. అంకె 0.05 (అంటే 50 మిల్లీ ఆంపియర్లు) లోపుకి దిగితే అనుమానం తీరినట్టే. దిగకపోతే ఫ్యూజు బాక్సు ఫోటో తీసుకుని, ఒక్కో ఫ్యూజు తీసి చూసి మళ్ళీ అక్కడే పెట్టండి. ఏది తీస్తే అంకె దబ్బున పడుతుందో ఆ లైన్లో ఉన్నాడు దొంగ.

మీటర్ ఇలా తగిలించి ఉన్నంతసేపు ఇగ్నిషన్ ఆన్ చేయొద్దు, సెల్ఫ్ అసలు కొట్టొద్దు. స్టార్టర్ వంద ఆంపియర్లకి పైనే లాగుతుంది, మీటర్ తట్టుకునేది పది.

నా బండిలో అంకె 0.44 దగ్గర ఆగిపోయింది. లోపలి లైట్ల ఫ్యూజు తీయగానే 0.03. లోపలి లైట్లన్నీ ఆరిపోయే ఉన్నాయి కదా అనుకుంటూ ఫోన్‌లో వీడియో ఆన్ చేసి డిక్కీలో పెట్టి మూశా. తీసి చూస్తే, మూసిన డిక్కీలో పెళ్ళి పందిరి లాగా వెలుగు. డిక్కీ స్విచ్ ఇరుక్కుపోయి లైటు ఆరట్లేదు, ఎప్పటినుంచో దేవుడికే తెలుసు. 5 వాట్ల బుడ్డి బల్బు, 0.4 ఆంపియర్లు. మొత్తం 0.44 లెక్కన 35 ఏహెచ్ బ్యాటరీ సగానికి రావడానికి దాదాపు నలభై గంటలు, శుక్రవారం సాయంత్రం నుంచి ఆదివారం మధ్యాహ్నానికే. ఆ స్విచ్‌కి కొంచెం గ్రీజు పెడితే సరిపోయింది. పాత బ్యాటరీ స్క్రాప్‌లోకి వెళ్ళిపోయాక తెలిసింది ఇదంతా.

ఎక్కువగా దొరికే దొంగలు ఇవి: నేరుగా వైరు లాగిన డాష్‌క్యామ్, జీపీఎస్ ట్రాకర్, డాష్‌బోర్డు కింద సాకెట్లో పెట్టి మర్చిపోయిన స్కానర్ పరికరం, బయట వేయించిన మ్యూజిక్ సిస్టమ్, ఆంప్లిఫయర్, గ్లవ్ బాక్సు లైటు. కంపెనీ ఫిట్టింగుల కంటే మనం బయట వేయించినవే ముందు చూడండి.

అన్నీ బాగున్నా రోజూ రెండు కిలోమీటర్లు స్కూలుకి వెళ్ళి వచ్చే బండి అయితే మెల్లగా దిగడం మామూలే, వారానికోసారి నలభై నిమిషాలు తిప్పండి.

10. ఇవాళ్టికి బండి లేవాలి అంటే

జంపర్ కేబుళ్ళు మందంగా ఉన్నవి తీసుకోండి, సన్నవి వేడెక్కుతాయి గానీ బండి లేవదు. వరస ఇది:

1. ఎర్రది దిగిపోయిన బ్యాటరీ ప్లస్‌కి
2. ఎర్ర రెండో కొస మంచి బ్యాటరీ ప్లస్‌కి
3. నల్లది మంచి బ్యాటరీ మైనస్‌కి
4. నల్ల రెండో కొస దిగిపోయిన బండి ఇంజన్ మీద పెయింటు లేని ఇనుముకి, బ్యాటరీకి దూరంగా (చివరి కనెక్షన్ దగ్గర మెరుపు వస్తుంది, గ్యాస్ ఉన్నచోట రాకూడదు)

మంచి బండి స్టార్ట్ చేసి ఐదు నిమిషాలు ఆగి దీన్ని కొట్టండి. లేచాక తిరుగు వరసలో తీసేయండి. ప్లస్ మైనస్ తిరగేస్తే రెండు బండ్లకీ దెబ్బ, కాబట్టి చీకట్లో రంగు చూసి కాదు, బ్యాటరీ మీద గుర్తు చూసి పెట్టండి. నలుగురు కలిసి తోసి స్టార్ట్ చేయడం మాన్యువల్ గేర్‌కే, ఆటోమేటిక్‌కి కుదరదు. లేచిన బండి పనిచేస్తోంది కదా అని వదిలేయకుండా ఆ రాత్రే నాలుగో స్టెప్పు నుంచి మొదలుపెట్టండి.

11. మార్చక తప్పదు అని తేలితే

- ముందు వారంటీ కార్డు వెతకండి. మొదటి కొన్ని నెలలు ఫ్రీగా మారుస్తారు, ఆ తర్వాత ప్రో రేటా అని వాడిన నెలలకి కోత వేసి మిగతాది తగ్గిస్తారు. మీ మూడు నంబర్ల కాగితం తీసుకెళ్తే మాట్లాడే తీరే మారుతుంది.
- పాత బ్యాటరీ మీదున్న కోడ్ యథాతథంగా చూసుకోండి. 38బీ20ఎల్, 38బీ20ఆర్ పక్కపక్కన పెడితే కవలలే, కానీ ప్లస్ కొమ్ము వేరే వైపు ఉంటుంది, కేబుల్ అందదు.
- సిగ్నల్ దగ్గర ఇంజన్ తనంతట ఆగి లేచే బండి అయితే ఈఎఫ్‌బీ లేదా ఏజీఎం రకమే (మాటిమాటికీ స్టార్ట్ అయ్యే బరువు తట్టుకునే బ్యాటరీలు), బండితో ఏది వచ్చిందో అదే వేయించండి. మామూలుది చవక అని వేస్తే తొందరగానే మళ్ళీ షాపులో ఉంటారు.
- తయారీ నెల అడగండి. షెల్ఫ్‌లో ఆర్నెల్లు కూర్చున్నది కొత్తది కాదు. బిగించే ముందు మీ మీటర్ పెట్టండి, 12.5 కంటే తక్కువుంటే ఇంకోటి తీయమనండి.
- కింద పట్టుకునే బ్రాకెట్ బిగించారో లేదో చేత్తో కదిపి చూడండి. మన రోడ్ల కుదుపులకి లూజుగా ఉన్న బ్యాటరీలో ప్లేట్లు విరుగుతాయి.
- పాతది షాపుకే ఇచ్చి స్క్రాప్ ధర తగ్గించుకోండి. సీసం, యాసిడ్ ఉన్నది, చెత్తబండిలో వేయకూడదు. 2022 నాటి కేంద్రం బ్యాటరీ వ్యర్థాల నియమాల ప్రకారం పాతవి వెనక్కి తీసుకుని రీసైక్లింగ్‌కి పంపే బాధ్యత తయారీదారులదే.

కొత్తది బిగించిన మర్నాడు పొద్దున మూడు నంబర్లూ మళ్ళీ కొలిచి, తేదీతో సహా ఒక టేపు ముక్క మీద రాసి బానెట్ లోపల అంటించండి. నా బండిలో ఇప్పుడున్న టేపు మీద 12.7, 10.6, 14.2 అని ఉంది, దాని కింద మా బావమరిది చేతిరాతతో "డిక్కీ లైటు చూసుకో బావా" అని కూడా ఉంది.